ఆ అంకెలు ఎవరు మార్చారో నాకు తెలుసు

బాపట్లలో ఒక పెద్దాయన ఇంటి ముందుగదిలో కూర్చుని నేనొక అబద్ధం చెప్పాను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. మోయడమే ఇన్నేళ్ళుగా అవుతోంది.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. మా ఆవిడ దగ్గర కూడా. "ఏంటండీ, ఏదో చెప్పబోయి ఆగారు?" అంటుంది. వీధి తలుపు గడియ పెట్టావా అని అడుగుతాను. ఆదివారం చర్చిలో ఒప్పుకోలు ప్రార్థన అందరితో కలిసి గట్టిగా చదువుతాను. అంతమంది కలిసి చదివేటప్పుడు ఎవరి పాపం ఎవరికి వినపడుతుంది? నాది నాక్కూడా వినపడదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక వినపడుతుంది.

అప్పట్లో నేను తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. తొంభైల్లో సంగతి. మందుల షాపు మీద మేడ. మెట్ల దగ్గరే చెప్పులు విప్పేసి లోపలికి రావాలి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని నమ్మే రోజులవి. పిల్లలు గుళ్ళోకొచ్చినట్టు వచ్చేవాళ్ళు. నేను రేపల్లెవాణ్ణి. డిగ్రీ అయ్యాక గుంటూరులో కోర్సు చేసొచ్చాను. నా వయసు ఎంతని? అయినా 'సార్' అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు నాకు బాగా అలవాటైపోయింది. ఆ అలవాటు దగ్గరే నా పతనం మొదలైందేమో అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. అప్పుడు ఎంత బాగుండేదో.

నా పాఠాల్లో పిల్లలకి బాగా నచ్చింది తోకల పాఠం. ఫైలు పేరు చివర చుక్క పెట్టి మూడక్షరాలుంటాయి కదా, వాటిని నేను తోక అనేవాణ్ణి. కామ్, ఈఎక్స్ఈ, బ్యాట్. ఈ మూడు తోకలున్న ఫైళ్ళకే ప్రాణముంటుందని చెప్పేవాణ్ణి. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే లేచి పనిచేస్తాయి. మంచి పనైనా చేస్తాయి, చెడ్డ పనైనా చేస్తాయి. మిగతావన్నీ ఉత్త కాగితాలు, తెరిచి చూస్తే వచ్చే నష్టం లేదు. ప్రాణమున్నదాన్ని మాత్రం ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా లేపకండి. బయటి ఫ్లాపీ వస్తే ముందు వైరస్ చెక్ చెయ్యండి. హార్డ్ డిస్కున్న మిషన్‌లో అసలు పెట్టకండి. ఇంత వివరంగా చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకునేవాళ్ళు.

హార్డ్ డిస్కున్న మిషన్ మా దగ్గర ఒకటే. యజమాని వెంకటేశ్వర్లుగారి గదిలో ఉండేది. విండోస్ ఉన్నదీ దాంట్లోనే. రైసు మిల్లుల వాళ్ళ పనీ, కాలేజీల వాళ్ళ పనీ దాని మీదే చేసిచ్చేవాళ్ళం.

సుగుణగారు వచ్చింది ఆ మిషన్ కోసమే.

ఆవిడ మా రేపల్లె చర్చి మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దవారు. పెళ్ళి చేసుకోలేదు. రేపల్లె అవతల సముద్రం దగ్గర ఒక పాలెంలో టీచరు. చేపల వేట మీద బతికే ఊరది. ఆ చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులవుతున్న కాలం. చెరువులకి ఉప్పునీళ్ళు పెడుతుంటే ఊళ్ళో బావులు ఉప్పెక్కిపోతున్నాయని పాలెంలో ఆడవాళ్ళు ఆవిడతో మొర పెట్టుకున్నారట. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. ఆవిడ ఎమ్మెస్సీ చదివిన మనిషి. నెల నెలా ఒక్కో బావి నీళ్ళు సీసాల్లో పట్టి బాపట్ల తీసుకెళ్ళి పరీక్ష చేయించేవారు. అక్కడ ఒక కెమిస్ట్రీ లెక్చరర్ ఆవిడకి గైడు. అందరూ పెద్దసారనేవాళ్ళు. అసలు లెక్క తన దగ్గరుంచుకుని ఆయన కాగితం మీద రాసిచ్చిన అంకెలు తెచ్చి మా మిషన్‌లో పట్టికలుగా ఎక్కించేవారు. డాక్టరేటు కోసమని మొదలుపెట్టారు గానీ, ఆవిడ ధ్యాసంతా ఆ పాలేనికి ఒక కుళాయి రప్పించడం మీదే ఉండేది.

రేపల్లె పాసింజర్ దిగి, స్కూలు చీరలోనే, చేతిసంచీతో మేడెక్కి వచ్చేవారు. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. ఆ మేడ మీద నన్ను సార్ అనంది ఆవిడొక్కరే. సంచీలో నాకోసం ఏదో ఒకటి తెచ్చేవారు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలో, వాళ్ళమ్మ చేసిన చెక్కలో. తలుచుకుంటే ఇప్పుడు కూడా నోట్లో ఆ రుచి వస్తుంది. వచ్చినప్పుడల్లా లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోతాను. ఏ గదిలోకి వెళ్తే పోతుంది?

ఆ ఫ్లాపీ నా స్నేహితుడిది. గుంటూరులో నాతో కోర్సు చేసినవాడు, ఎవరి దగ్గరో కాపీ చేసుకుని నాకిచ్చాడు. దాన్ని నడిపితే మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద రంగురంగుల చేపలు ఈదుతాయట. చూసి తీరాలన్నాడు. వెంకటేశ్వర్లుగారు భోజనానికి వెళ్ళారు. నేను ఫ్లాపీ పెట్టి చూశాను. ఒకటే ఫైలుంది. తోక నాకు తెలిసిన మూడింటిలో లేదు. ఎస్, సీ, ఆర్ అని ఉంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నా నేను ఆగిపోయేది ఇక్కడే.

నాకు తెలీని తోక అది. తెలీదని నాకు తెలుసు. పోనీ బొమ్మల ఫైలేమో, కాగితంలాంటిదేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? బొమ్మకి అంత పెద్ద సైజెందుకు ఉంటుందని ఒక్క క్షణం మనసులో మెదిలింది. ఆ మెదలడం నాకు గుర్తుంది. వైరస్ చెక్ చేసే ప్రోగ్రాం పక్క ఫ్లాపీలోనే ఉంది. అది నడిపితే చాలాసేపు పడుతుంది. ఈలోపు వెంకటేశ్వర్లుగారు వచ్చేస్తారు. చేపలు చూడాలనుంది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నో ఏళ్ళు వెతికాను. లేదు. నా నోటితో నేను చెప్పిన పాఠాన్ని చేపబొమ్మల కోసం పక్కనపెట్టి దాన్ని నడిపాను.

చేపలు కనపడ్డాయి. బాగున్నాయి కూడా.

చాలాకాలం తర్వాత తెలిసింది. విండోస్‌లో ఆ తోక ఉన్న ఫైలు కూడా ప్రాణమున్నదే. వేషం వేరు, అంతే. అంతకంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. అలాంటి ఫైలు ఏ తోక తగిలించుకొచ్చినా, దాన్ని నడపకుండా ఊరికే లోపలి అక్షరాలు తెర మీద చూపించమంటే, పిచ్చి గీతలకి ముందు మొట్టమొదట ఎమ్, జెడ్ అని రెండక్షరాలు కనపడతాయి. ఆ రెండక్షరాలుంటే అది ప్రోగ్రామే. ఒక్క కమాండు. అది చూడ్డానికి పట్టేది ఒక రెప్పపాటు. నాకు ఆ సంగతి తెలీదు. తెలీనివాడికి తప్పులేదంటారు. తెలీదని తెలిసినవాడి మాటేంటి?

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఆ తర్వాత చిన్న చిన్న వింతలు. ఒక పిల్లాడి ఉత్తరంలో రెండు మాటలు స్థానాలు మారిపోయాయి. నువ్వే తప్పు కొట్టుంటావని వాణ్ణి కసిరాను. మిల్లు వాళ్ళ కాగితంలో ఒకరి పేరు మధ్యలో ఇంకొకరి ఇంటిపేరు దూరింది. వెంకటేశ్వర్లుగారు నవ్వి సరిదిద్దమన్నారు. మిషన్ ఫ్లాపీ చదవడానికి మునుపటికంటే ఎక్కువసేపు మూలుగుతోంది. నాకు లోపల గుబులు మొదలైంది. గుంటూరు వెళ్ళి వైరస్ చెక్ చేసే కొత్త ప్రోగ్రాం తెచ్చుకున్నాను. గదిలో ఎవరూ లేనప్పుడు నడిపాను. ఎర్ర అక్షరాల్లో ఒక పేరు కనపడింది. ఆ ప్రోగ్రాంతో పాటు ఉన్న వివరాల్లో దాని గుణం రాసుంది. డిస్కు మీద ఏదైనా రాసేటప్పుడు, ఎప్పుడో ఒకప్పుడు, రెండు ముక్కల్ని అటుదిటు చేస్తుందట. ఒక్కసారిగా అంతా చెరిపేస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇది అలా చెయ్యదు. ఎప్పుడు మార్చిందో, ఎక్కడ మార్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నాకు మొదట గుర్తొచ్చింది సుగుణగారి పట్టికలు. అంకెలు తప్ప మరేమీ లేని పట్టికలు.

తెరిచాను. తెరిచి చూసినట్టు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పాలెంలో చర్చి దగ్గరి బావి వరసలో ఒక నెల అంకె పక్క నెలలకంటే ఎంతో ఎక్కువుంది. అది నిజంగా అంతే ఉందేమో. నాకేం తెలుసు నీళ్ళ సంగతి? కింద ఇంకో వరసలో ఇంకోటి. నేను ఫైలు మూసేశాను. ఆ మూసెయ్యడం చెయ్యి చేసిందో మనసు చేసిందో చెప్పలేను. తర్వాత వైరస్‌ని తీసేసి, ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటే శుభ్రం చేశాను. స్నేహితుడిచ్చిన ఫ్లాపీని కాలవలో పారేశాను. మిషన్ బాగుపడింది. ఇక జరిగిందేదో జరిగిపోయిందనుకున్నాను. రోగం పోయింది సరే, రోగం ఉండగా కొట్టిన అంకెల మాటేంటని నన్ను నేను అడగలేదు. అడగకుండా ఉండటానికి ఎంత శ్రమపడ్డానో మాత్రం నాకు తెలుసు.

ఆవిడ ఆ తర్వాతి వారమే వచ్చి పట్టికలన్నీ ప్రింటు తీయించుకున్నారు. ప్రింటరు గీ గీ అని అరుస్తుంటే నేను పక్కన నిలబడి కాగితం అందుకుంటున్నాను. చెప్పొచ్చు. "అక్కా, ఒకసారి పెద్దసారి కాగితాలతో సరిచూసుకోండి" అంటే చాలు. వైరస్ అని కూడా అనక్కర్లేదు. ఆ ఒక్క ముక్క ఎందుకు రాలేదు? అంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఏదో చెప్పాలి. చెబితే వెంకటేశ్వర్లుగారి దాకా వెళ్తుంది. పాఠం చెప్పేవాడే పాఠం తప్పాడని పిల్లలకి తెలుస్తుంది. చేబ్రోలులో ఇంకో సెంటరు పెట్టి దానికి నన్ను పెద్దని చేస్తానన్నారాయన. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా నాలిక మీద కూర్చున్నాయి. ఆవిడ కాగితాలు సంచీలో సర్దుకుని, వస్తాను తమ్ముడూ అని మెట్లు దిగారు.

ఆ పట్టికలు డాక్టరేటు దాకా వెళ్ళలేదు. ముందు వేరేచోటికి వెళ్ళాయి. పాలెం వాళ్ళు కుళాయి కావాలని అర్జీ పెట్టుకుంటూ, మా టీచరమ్మ పరీక్ష చేయించిన లెక్కలివిగోనని వాటిని జతచేసి రేపల్లెలో సర్కారు ఆఫీసులో ఇచ్చారు. చెరువులున్నవాళ్ళు ఊరుకుంటారా? ఆ లెక్కలు నిజమో కాదో తేల్చమన్నారు. బాపట్ల నుంచి పెద్దసారి దగ్గరున్న అసలు కాగితాలు తెప్పించి పక్కపక్కన పెట్టి చూశారు. కలవలేదు. కొన్ని అంకెలు తగ్గాయి, కొన్ని పెరిగాయి. తగ్గినవాటి సంగతి ఎవరూ ఎత్తలేదు. పెరిగినవాటినే ఎర్ర ఇంకుతో చుట్టారు. చెరువుల మీద కోపంతో టీచరు దొంగలెక్కలు రాసిందన్నారు.

పెద్దసారు మంచాయన. ఆవిడతో ఒక మాటన్నారట. కంప్యూటరు పొరపాటైతే, ఆ సెంటరు కుర్రాడు వచ్చి నా ఎదుట చెబితే చాలు, నేనే ఆఫీసుకి రాసి సరైన అంకెలు పంపిస్తాను, కాకపోతే మాత్రం ఈ లెక్కల మీద నేను సంతకం పెట్టలేను అని. ఆవిడ తెనాలి వచ్చి నన్ను రమ్మని అడిగారు. ఎంత మామూలుగా అడిగారో. చుట్టాన్ని పెళ్ళికి పిలిచినట్టు.

వెంకటేశ్వర్లుగారికి సంగతేంటో తెలీదు. వెళ్ళిరా, మన మిషన్ మీద మాట పడకుండా చూడు అన్నారు. ఆయన అన్నది అంతే. తప్పు ఆయన మీదకి తోసెయ్యాలని కొన్నేళ్ళు ప్రయత్నించాను. అది పడదు. ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు.

తెనాలిలో రైలెక్కాం. దారంతా ఆవిడే మాట్లాడారు. పొన్నూరు దగ్గర ఇడ్లీ పొట్లం విప్పి నా చేతిలో పెట్టారు. పాలెంలో ఒక ముసలావిడ కొత్త కోడలికి కనపడకుండా నీళ్ళబిందె దాచిపెడుతుందని, కాలవ దాకా వెళ్ళి తేవాలి కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు కొలిచి పోస్తారని చెప్పారు. తనమీద పడ్డ నింద గురించి అసలు మాట్లాడలేదు. రాబోయే కుళాయి ఎక్కడ వేయించాలో చెప్తున్నారు. బడి పక్కనైతే పిల్లలకి కూడా పనికొస్తుందట. కిటికీలోంచి వరిపొలాలు చూస్తూ నేను ఊఁ కొడుతున్నాను. బాపట్లలో దిగేలోపు ఈవిడతోనైనా చెప్పేస్తాను అనుకున్నాను. అప్పికట్ల దాటింది. చెప్పేస్తాను అనుకుంటూనే ఉన్నాను. బాపట్ల వచ్చేసింది.

పెద్దసారి ఇంట్లో ముందుగదిలో కూర్చోబెట్టారు. మజ్జిగ ఇచ్చారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నావైపు చూశారు.

"బాబూ, నిన్నెవరూ ఏమీ అనరు. తెలిసింది చెప్పు. ఈవిడ ఒక అంకె కొడితే మీ మిషన్‌లో వేరే అంకె పడే వీలుందా?"

"లేదండి."

"వైరస్సులని ఏవో వస్తున్నాయంటున్నారు కదా. అలాంటిదేమైనా మీ దగ్గరికి వచ్చిందా?"

"లేదండి. బయటి ఫ్లాపీలు నేను రానివ్వనండి. జాగ్రత్తగా చూసుకుంటానండి."

సుగుణగారు కుర్చీలో కొంచెం ముందుకి జరిగారు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"తమ్ముడూ, ఒకసారి ఆలోచించి చెప్పు. ఎప్పుడైనా, ఒక్కసారైనా, తేడాగా ఏమీ కనపళ్ళేదా నీకు?"

"లేదక్కా. మనం ఏది కొడితే దాంట్లో అదే ఉంటుంది."

ఆవిడ నా మొహంలోకి చూశారు. అనుమానంగా చూసుంటే నేను తట్టుకునేవాణ్ణేమో. ఆ చూపులో అనుమానం లేదు. నేను చెప్పింది నిజమేననుకుని, అయితే మరి ఎక్కడ జరిగిందా అని తనలో తను వెతుక్కుంటున్న చూపది. నా ఎదుటే, ఆ కుర్చీలోనే, తప్పు తనదేనని ఆవిడ నమ్మడం మొదలుపెట్టారు. నేను చూస్తూ కూర్చున్నాను. మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది. ఒక్క మాట తిప్పి చెబితే ఆగిపోయేది. కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు కూర్చున్నాను. కట్టేసింది ఎవరు? గదిలో ఎవరూ కట్టెయ్యలేదు.

పెద్దసారు కళ్ళజోడు పెట్టుకుని, సరే బాబూ, శ్రమ తీసుకుని వచ్చావు అన్నారు.

తిరుగు రైల్లో ఆవిడ సంచీలోంచి పట్టికలు తీసి ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ కూర్చున్నారు. తెనాలిలో దిగాక, రేపల్లె బండి ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, నేనే ఎక్కడో తప్పు కొట్టుంటాను, స్కూలు నుంచి అలిసిపోయి వచ్చి కొట్టేదాన్ని కదా అన్నారు. నీకు ఊరికే శ్రమ ఇచ్చానన్నారు. నువ్వు వెళ్ళు తమ్ముడూ, పిల్లలు పాఠానికి ఎదురుచూస్తుంటారన్నారు. నేను వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం పాఠం చెప్పాను కూడా. ఏం చెప్పానో గుర్తులేదు.

తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను. మెల్లగా చెప్పే ధైర్యం లేదు.

అర్జీ మూలన పడింది. పాలెం వాళ్ళు మళ్ళీ వెళ్ళినప్పుడల్లా, మీ టీచరు లెక్కలు చూశాం కదా అని నవ్వి పంపించేవాళ్ళట. పెద్దసారు ఇంకో ఏడాది నీళ్ళు మళ్ళీ పట్టుకురమ్మన్నారు. ఆవిడ ప్రయత్నించారు. కానీ ఈసారి చెరువుల వాళ్ళు కొన్ని బావుల దగ్గరికి రానివ్వలేదు. పాలెంలో కూడా కొందరు, నీవల్లే మా కుళాయి పోయిందని మొహం మీదే అన్నారట. ఎవరికోసం తిరిగారో వాళ్ళే. ఆవిడ చదువు ఆపేశారు. ఆ బడి నుంచి బదిలీ అడిగి రేపల్లె దగ్గరికి వచ్చేశారు. నీళ్ళు బాగా చెడిపోయాక పాలెంలో కొన్ని కుటుంబాలు వేరే తీరానికి వెళ్ళిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత ఎప్పుడో అక్కడికి నీళ్ళ పైపు వచ్చిందని విన్నాను. అప్పటికి బిందె దాచుకున్న ఆ ముసలావిడ ఉందో లేదో తెలీదు. అడగలేదు.

నేను మాత్రం ఎదిగాను. చేబ్రోలు సెంటరు నాకే ఇచ్చారు. జాగ్రత్త గల మనిషినని పేరొచ్చింది. ఏ ఫైలొచ్చినా ఎవరు పంపారని అడుగుతాను. అడగకుండా వచ్చినదైతే తీసి పక్కన పెడతాను. తోక చూస్తాను గానీ తోకని నమ్మను. లోపలి మొదటి రెండక్షరాలు చూస్తాను. పోయినా పర్వాలేదనే పాత మిషన్ ఒకటి విడిగా పెట్టుకుని, తెలీనిదేదైనా ముందు దాంట్లోనే నడుపుతాను. ముఖ్యమైనవాటికి వేరే కాపీ తీసి, అసలు కాగితాలతో సరిచూశాకే దాస్తాను. పిల్లలు ఇదంతా నా చదువనుకుంటారు. ఇది చదువు కాదు. భయం. ఒక మనిషి బతుకు ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠాన్ని, నా తెలివిలాగా చెప్పుకుని బతుకుతున్నాను.

ఇంకొక్కటుంది. అసలు దీన్ని చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను, చుట్టూ తిరిగి ఇక్కడికొచ్చాను.

కొన్నేళ్ళకి, తొంభైల చివర్లో, రేపల్లెలో ఒక ఆదివారం ఆరాధనయ్యాక బయట ఆవిడ కనపడ్డారు. జుట్టు నెరిసింది. పక్కన ఇద్దరు కొత్త టీచర్లున్నారు. నేను తప్పుకుని వెళ్ళబోయాను. తమ్ముడూ అని ఆవిడే పిలిచారు. ఆ టీచర్లకి నన్ను పరిచయం చేస్తూ అన్న మాటలు ఇవి.

"మా తమ్ముడే. కంప్యూటర్లు చెప్తాడు. నిజాయితీ గల మనిషమ్మా. ఒకప్పుడు నాకు కష్టమొస్తే, నా మొహం చూసి మొహమాటపడి అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు."

ఎత్తిపొడుపేమో అని ఆవిడ కళ్ళలోకి చూశాను. ఎత్తిపొడుపైతే ఎంత బాగుండేదో. కాదు. ఆవిడ నన్ను నిజంగా గౌరవిస్తున్నారు. ఇన్నేళ్ళు తన తప్పని మోస్తూ, నన్ను నిజం చెప్పినవాడిగా గుర్తుపెట్టుకున్నారు. ఆ క్షణం ఆవిడ కాళ్ళ మీద పడి ఉండాల్సింది. ఎండగా ఉంది, లోపలికి రండక్కా అన్నాను. ఏదో అనాలని అన్నాను. ఆవిడ నవ్వి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయారు.

మీరు అడగొచ్చు, ఇప్పుడైనా వెళ్ళి చెప్పొచ్చు కదా అని. చెప్పొచ్చు. ఆవిడ ఎక్కడ ఉంటున్నారో నాకు తెలుసు. చర్చిలో ఎవరినడిగినా చెబుతారు. ఆ వీధి మొదటిదాకా వెళ్ళి తిరిగొచ్చాను కూడా. ఇప్పుడు చెబితే ఆవిడకి ఏమిస్తాను? పోయిన డాక్టరేటు ఇవ్వలేను. ఆ పాలెం ఆడవాళ్ళ ముందు తలెత్తుకుని నిలబడే రోజులు ఇవ్వలేను. ఒక తమ్ముడున్నాడనుకున్న నమ్మకాన్ని కూడా లాక్కుంటాను. ఇలా అనుకుని ఆగిపోతాను. ఇది దయా? పిరికితనానికి కట్టిన మంచి బట్టలా? పిరికితనమేనని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ వీధిలోకి అడుగు పడదు. వయసొచ్చాక ధైర్యం వస్తుందనుకున్నాను. వయసే వచ్చింది.

అందుకే మీకు చెప్తున్నాను. మీరు నన్ను క్షమించలేరు, ఆ హక్కు మీది కాదు. నేనూ అడగడం లేదు. కానీ ఈ మాట నా నోరు దాటి ఒక్కసారైనా బయటికి రావాలి. అందరితో కలిసి చదివే ప్రార్థనలో కాకుండా, నా ఒక్కడి గొంతుతో.

సుగుణగారు ఒక్క అంకె కూడా మార్చలేదు. ఆవిడ కొట్టినవన్నీ సరిగ్గానే కొట్టారు. తెలీని ఫైలుని ఆ మిషన్‌లో నడిపింది నేను. రోగం కనపడ్డాక దాచింది నేను. పట్టికలో తేడా చూసి మూసేసింది నేను. బాపట్లలో లేదండి అన్నది నేను.

ఉందండి. వచ్చిందండి. నాకు తెలుసండి.